జెర్రిలో ఒక గణుపు

ఉడుకుతున్న చింతగింజల వాసన.

కొంచెం మట్టి వాసన, కొంచెం మాడు వాసన. ముక్కుకు తగిలితే వదలదు. బట్టకు పడితే ఉతికినా పోదు.

ఎండ. జనగామ మీద ఆకాశం బోర్లించిన పేలాల మంగలం. మబ్బు లేదు. గాలి లేదు. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద నల్లబడిన కుండ, కుండలో బంక. కౌసల్య కట్టెతో కలుపుతోంది. అడుగు నుంచి పైకి — అడుగు నుంచి పైకి. చెయ్యి ఆపితే గడ్డకడుతుంది.

చెయ్యి ఆపలేదు.

చుట్టూ పిల్లలు. బడి లేని పిల్లలు.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. చలికాలంలో బడికి పడ్డ తాళం వేసవి నడిమికి వచ్చినా తెరుచుకోలేదు. తెలంగాణ కావాలని ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. సార్లు సమ్మెలో ఉన్నారు. పెద్ద పిల్లలు జైళ్ళలో ఉన్నారు. చిన్న పిల్లలు... చిన్న పిల్లల సంగతి ఎవడూ పట్టించుకోలేదు. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళకు తీరిక ఎక్కడిది? పిల్లలకు నినాదాలు వచ్చాయి. రాళ్ళు విసరడం వచ్చింది. ఎక్కాలు పోయాయి.

ఎవరో వచ్చి బాగుచేస్తారని కౌసల్య కూర్చోలేదు. ఆమె చదివింది ఐదో తరగతి. ఇంటాయన చంద్రమౌళి తాలూకా ఆఫీసులో గుమాస్తా. సమ్మెలో ఉన్నాడు, అంటే అరుగు మీద ఉన్నాడు. ఆమె వీధి పిల్లలను వాకిట్లో పోగుచేసింది. చేతులకు పని ఇస్తే కాళ్ళు రోడ్డు మీదికి పోవు అనుకుంది. అంతే. అంతకంటే పెద్ద ఆలోచన ఏమీ లేదు.

ఆమె పుట్టినిల్లు చేర్యాల దిక్కు. చిన్నప్పుడు అక్కడ బొమ్మలు చేసేవాళ్ళ వాకిట్లో కూర్చుని చూసింది. పాత గుడ్డ, రంపపు పొట్టు, చింతగింజల బంక — వాటితోనే దేవుళ్ళు లేచేవాళ్ళు. చూసింది సగం గుర్తుంది. మిగతా సగం చెడగొట్టి నేర్చుకుంది.

మొదట చేతిలో పట్టే బొమ్మలు చేశారు. పిల్లలకు రెండు రోజుల్లో మొహం మొత్తింది.

"అమ్మా, బొమ్మను మనం పట్టుకునుడు గాదే. బొమ్మల మనం దూరాలె."

అన్నది శశికళ. కౌసల్య బిడ్డ. ఎనిమిదేళ్ళది. ఒక్కతే.

ఏ బొమ్మలో దూరాలి? ఒకడు ఏనుగు అన్నాడు. ఒకడు రైలింజను అన్నాడు. కొట్లాట. అప్పుడే పొయ్యి రాయి కిందనుంచి ఒక జెర్రి బయటికి వచ్చింది. ఎర్రగా, పొడుగ్గా, వేడికి తట్టుకోలేక. ఎవడో చెప్పు ఎత్తాడు.

"చంపకు! దీని ముంగటేదో ఎనుకేదో చెప్పు చూద్దాం." శశికళ అడ్డుపడింది.

"నాకేం తెలుసు?"

"పోలీసోళ్ళకు గూడ తెల్వది. అదే చేద్దాం."

పిల్లలు పడి పడి నవ్వారు. జెర్రి గోడ సందులోకి పోయింది.

అంతా కలిసి ఒక్క జెర్రి. ఒక్కొక్కరు ఒక్కొక్క గణుపు.

పని ఇట్లా. ముందు పిల్లను నిలబెట్టాలి. తడిపి పిండిన పాత చీర ముక్కను ఛాతీకి, వీపుకు చుట్టాలి. చంద్రమౌళి దాచుకున్న పాత పేపర్ల కట్టలు విప్పి పట్టీలుగా చింపాలి — మన మాటను వెక్కిరించిన పేపర్లు, మనది అల్లరి మూకల గోల అని రాసిన పేపర్లు. చింపండి. బాగా చింపండి. పట్టీని బంకలో ముంచాలి. ఒంటి మీద అంటించాలి. పట్టీ మీద పట్టీ, అడ్డం, నిలువు. చీమలు పట్టకుండా బంకలో కొంచెం మైలతుత్తం. ఆ తరవాత పిల్ల చేతులు చాచి ఎండలో నిలబడాలి, చేనులో దిష్టిబొమ్మలాగా. కాస్త బిగుసుకున్నాక పక్కన కత్తెరతో కోసి, తాబేలు చిప్ప తీసినట్టు తీయాలి. మిద్దె మీద ఆరబెట్టాలి. ఆరినంక పక్కలు సుతిలి తాడుతో కుట్టాలి. ఎర్రమట్టి జాజు పూయాలి. రెండు పక్కలా ఈత ఈనెలు గుచ్చాలి, జెర్రి కాళ్ళకు. గణుపుకూ గణుపుకూ నడుమ గోనె గుడ్డ. తలకాయకు పాత చేట.

ఎవరి గణుపు వాళ్ళకే పడుతుంది. ఒకరిది ఇంకొకరికి పట్టదు. ఒంటి మీద ఆరింది గనుక.

గుమ్మం తడక దగ్గర లాలి నిలబడి చూసేది. రైలు పట్టాల అవతలి తాండా పిల్ల. శశికళ ఈడుదే, కొంచెం లావు. వాళ్ళమ్మ సక్రి నెత్తిన కట్టెల మోపు తెచ్చి అమ్ముతుంది. బంక ఉడికేది ఆ కట్టెల మీదే.

"గాడనే నిలవడు పోరీ. బంకల చెయ్యి పెట్టకు." కౌసల్య అత్త గట్టమ్మ అరిచేది.

లాలి అక్కడే నిలబడేది. ఊరేగింపులో మనమందరం ఒక్కటే. వాకిట్లో కాదు.

కౌసల్య విన్నది. బంక కలిపింది.

శశికళ వంతు చివరికి వచ్చింది. సొంత బిడ్డ గనుక చివరికి ఉంచింది.

"సల్లగున్నదే అమ్మా..."

"కదలకు."

"చక్కిలిగిలైతాంది."

"నవ్వితే పగులుతది. కదలకు."

నవ్వింది. పగిలింది. మళ్ళీ అంటించింది.

ఎండలో చేతులు చాచి నిలబడింది శశికళ. నీడ ఆమె కాళ్ళ కిందే ఉంది, చిన్నగా. చిప్ప తీసి మిద్దె మీద పెట్టారు.

తెల్లారి జ్వరం.

మొదటి రోజు మిరియాల కషాయం. రెండో రోజు దవాఖాన కంపౌండర్ సూది వేశాడు. మూడో రోజు పిల్ల మెడ వంచలేకపోయింది. వెలుతురు చూడలేకపోయింది. కంపౌండర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గిది నా చేతుల లేదు. వరంగల్ తీసుకపోండ్రి. జల్ది."

ఆ రోజు బంద్.

బంద్ అంటే బంద్. బస్సు లేదు. రైలు లేదు, పట్టాల మీద జనం కూర్చున్నారు. జ్వరానికి బంద్ తెలియదు.

బంద్ పిలుపు ఇచ్చింది రఘునాథ్. చంద్రమౌళి తమ్ముడు. హైదరాబాదులో చదువు విడిచి, గడ్డంతో, మైకుతో వచ్చినవాడు. మంచివాడు. శశికళను భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఆ రోజు ఎక్కడో దూరాన ఉపన్యాసంలో ఉన్నాడు.

ఎడ్లబండి కట్టారు. గడ్డి మీద బొంత, బొంత మీద పిల్ల, పిల్ల మీద కౌసల్య కొంగు.

ఎండ. మబ్బు లేదు. రోడ్డు మీద రాళ్ళు.

"బంద్ల బండేంది? మళ్ళించు!"

దగ్గరికి వచ్చి చూశారు. నోళ్ళు మూతపడ్డాయి. పరుగెత్తి రాళ్ళు తీశారు. ఒకడు తన తువ్వాల తడిపి పిల్ల నుదుటి మీద వేశాడు. బండి కదిలింది.

ఇంకొక ఊరు. మళ్ళీ రాళ్ళు. మళ్ళీ అరుపు. మళ్ళీ చూసి, మళ్ళీ తీశారు.

ఇంకొక ఊరు. కొట్టేసిన తుమ్మ చెట్టు అడ్డం పడి ఉంది. చెట్టు రాయి కాదు. పదిమంది పట్టినా పొద్దుపోయింది.

ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ప్రతి చోటా తీశారు. ప్రతి చోటా పొద్దు పోయింది.

సగం దారిలోని ఘనపురం ఇంకా రాలేదు. పిల్ల నీళ్ళు అడగడం మానేసింది.

బండి నడిపేవాడు ఎడ్లను ఆపాడు. వెనక్కి తిరిగి చూడలేదు. కౌసల్యే అన్నది — "మళ్ళించు."

తిరిగి వచ్చేసరికి రోడ్డు మీద మళ్ళీ రాళ్ళు పెట్టారు.

మళ్ళీ తీశారు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

* * *

పెళ్ళికాని పిల్లను కాల్చరు. పూడ్చారు.

బట్టలు చాకలామె మూట కట్టుకుపోయింది. చెప్పులు పోయాయి. జడ పిన్నులు పోయాయి. పలక తాండా దిక్కు ఎవరికో పోయింది. ఇంట్లో ఆ పిల్లది ఏమీ ఉండకూడదు. ఉంటే తల్లి కోలుకోదని అంటారు. కౌసల్య అన్నీ తన చేత్తోనే తీసి ఇచ్చింది. ఏడవలేదు.

ఏడుపు రాలేదు. ఆకలి వేళకు ఆకలి వచ్చింది. నిద్ర వేళకు నిద్ర వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు. వీధి ఆడవాళ్ళు వచ్చి, ఏడ్చి, ఆమె ముఖం చూసి, ఏడుపు మానేసి వెళ్ళిపోయారు.

అప్పుడు గట్టమ్మ మిరపకాయలు ఆరబోయడానికి మిద్దె ఎక్కింది. చేట చంకలో పెట్టుకుని అట్లాగే దిగి వచ్చింది. మిరపకాయలు చేటలోనే ఉన్నాయి.

"కౌసల్యా. పైన ఉన్నదే."

"ఏమున్నది?"

"పొల్ల."

ఆ మాట అన్నాక ముసలామె చేటను మెట్ల మీద దించింది.

కౌసల్య ఎక్కింది.

గణుపు నిలబడి ఉంది. దానంతట అదే. రొమ్ము సూర్యుడి దిక్కు, వీపు పిట్టగోడ దిక్కు. అందరూ మరిచిపోయారు. ఇన్ని రోజులూ ఎండ దాన్ని చేస్తూనే ఉంది. రాయిలాగా బిగిసింది. వేలితో కొడితే ఎండిన సొరకాయ చప్పుడు.

లోపల చీర నేత అచ్చు. భుజం ఎముక ఉబ్బు. నవ్వినప్పుడు పగిలిన చోట వేసిన అతుకు. బంకలో ఇరుక్కున్న ఒక వెంట్రుక.

ఏమీ అనిపించలేదు.

కాళ్ళు కాలుతున్నాయి, మిద్దె మీద. అది కూడా కిందికి దిగాక తెలిసింది.

"తీసుకపోయి దాని పక్కనే పూడ్సి రాండ్రి," అన్నది గట్టమ్మ. "ఒంటి మీదిదంత ఇచ్చినం. ఇది ఒంటి మీదిది గాదా?" కాసేపటికి మళ్ళీ — "తడి కాయితాలు సుట్టి ఎండల నిలవెడితివి. సల్ల, వేడి, ఒక్కసారే. జరం రాదా మరి?"

కౌసల్య వింది.

కావచ్చు. కాకపోవచ్చు. ఎవరు చెప్పగలరు? కంపౌండర్ చెప్పలేదు. చంద్రమౌళి చెప్పలేదు. ఆయన గోడకు తిరిగి పడుకున్నాడు. "మీరు ఎట్ల చేస్తే గట్ల చెయ్యండ్రి," అన్నాడు గోడతో.

గణుపును వాకిట్లో దించింది కౌసల్య. పూడ్చలేదు. పారేయలేదు. ఇంట్లో పెట్టలేదు. వాకిట్లో పెట్టింది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

పిల్లలు వచ్చారు. తడక దగ్గరే ఆగారు. వాకిట్లో నిలబడ్డ దాన్ని చూశారు. ఎవరి గణుపు వాళ్ళ చేతుల్లో ఉంది. జెర్రి నడవాల్సిన ఊరేగింపు దగ్గరికి వచ్చింది.

"మేం పోం," అన్నది బుచ్చి. జెర్రి తోక. అందరికంటే చిన్నది, అందరికంటే నోరున్నది. "శశి లేకుంట నడుమ తెగుతది."

రఘునాథ్ అప్పుడే వచ్చాడు. గొంతు పోయి ఉంది, మైకులో అరిచి అరిచి. పిల్లల తలలు నిమిరాడు. గణుపును చూడలేదు, చూడలేక పక్కకు చూస్తూ మాట్లాడాడు.

"గట్ల అనొద్దు బిడ్డా. జెర్రికి ఒక కాలు విరిగితే నడక ఆగుతదా? నడువాలె."

ఊళ్ళో అందరూ అనే సామెత. నష్టం వచ్చినవాడికి ధైర్యం చెప్పడానికి అంటారు. ధనవంతుడికి అంటారు, పశువు చచ్చిన రైతుకు అంటారు. ఎవరూ జెర్రిని అడిగి అనలేదు.

కౌసల్య కుండ తోముతోంది. చెయ్యి ఆగింది. మళ్ళీ తోమింది.

"వదినె, ఒక మాట." రఘునాథ్ గొంతు తగ్గించాడు. "హైదరాబాదు నుంచి పెద్దలు వస్తాన్రు. శశి గణుపుకు దండేసి కట్టెకు కట్టి ముంగట వట్టుకుంటం. సర్కారు పొట్టన పెట్టుకున్న బిడ్డ అని రాస్తం. జనం ఊగిపోతరు."

ఆమె ఏమీ అనలేదు. అనలేదు గనుక ఒప్పుకుందని వెళ్ళిపోయాడు.

ఎండ.

తడక కిర్రుమన్నది. సక్రి మోపు దించుతోంది. లాలి తల్లి వెనకనుంచి వచ్చి, తడక దాటి, వాకిట్లోకి వచ్చింది. మొదటిసారి. గట్టమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

"పటేలమ్మా, శశి జాగల నేనుంటా."

"దానికి పట్టది," బుచ్చి అన్నది. "అది లావున్నది."

"నేను లావా? నువ్వు ఎండిన బెండకాయ."

"ఊపిరి బిగవట్టి దూరు చూద్దాం! ఎక్కడిదక్కడ పటుక్కుమంటది."

"గణుపు ముట్టకు పోరీ!" గట్టమ్మకు ఇప్పుడు మాట వచ్చింది. "సచ్చినదాని దాంట్ల బతికున్నదాన్ని దూరుస్తరా! ఏ కాలంల ఉన్నదిది?"

లాలి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడుపు ముఖం పెట్టింది. పిల్లలందరూ కౌసల్య దిక్కు చూశారు.

ఆమె కుండ పక్కన పెట్టింది. లేచింది. గణుపును ఎత్తింది — బరువు లేదు, ఎనిమిదేళ్ళ పిల్లను ఎత్తినట్టు లేదు — పెద్ద మట్టి గోలెంలో పెట్టింది. బోర్లా కాదు, వెల్లకిలా. కడవతో నీళ్ళు పోసింది. ఇంకో కడవ. ఇంకో కడవ.

కాగితం కొంతసేపు నీటి మీద తేలింది. తరవాత తాగింది. తరవాత మునిగింది.

చింతగింజల బంక నీళ్ళతో వస్తుంది, నీళ్ళతో పోతుంది. చేర్యాల వాకిట్లో చెడిపోయిన బొమ్మను ఎవరూ పారేయరు. నానేసి, దంచి, ఇంకో బొమ్మకు వాడతారు. ఆమె చూసింది అదే. చేతులకు తెలిసింది అదే.

* * *

తెల్లారి రఘునాథ్ దండ తెచ్చాడు. పెద్ద బంతిపూల దండ.

"వదినె, గణుపేది?"

"నానుతాంది."

గోలెంలోకి వంగి చూశాడు. అచ్చు సిరా కరిగి నీళ్ళు నల్లబడ్డాయి. పేపర్ల తునకలు. కౌసల్య మోచేతుల దాకా ముంచి పిసుకుతోంది. అట్టలు విడిపోతున్నాయి. విడిపోయి ముద్దవుతున్నాయి.

"ఎంత పని చేసినవ్ వదినె..." కూర్చుండిపోయాడు. "నా బిడ్డ గాదా అది? నేను ఎత్తుకోలేదా? సర్కారు చంపింది వదినె దాన్ని. గది లోకానికి చూపాల్నా వద్దా?"

నిజంగానే ఏడుస్తున్నాడు. గడ్డం తడిసింది. ఆమె అతని ఏడుపును చూసింది. ఎవరిదో వస్తువును చూసినట్టు చూసింది.

"రాళ్ళు ఎవరు పెట్టిన్రు రఘూ?"

అతను తల ఎత్తాడు.

"పోయేటప్పుడు తీసిన్రు. వచ్చేటప్పటికి మళ్ళ పెట్టిన్రు. ఎవరు పెట్టిన్రు?"

"ఉద్యమం అన్నంక..."

అరచేత్తో గడ్డం తుడుచుకున్నాడు.

"ఉద్యమం వద్దని నేనంటలేను," కౌసల్య పిసుకుతూనే అన్నది. "తెలంగాణ రావాలె. ఊరేగింపుల పిల్లలు నడుస్తరు. బతికున్న పిల్లలతోని జెర్రి నడుస్తది. సచ్చినదాన్ని కట్టెకు గట్టి ఆడియ్యకు."

"సర్కారు దవాఖాన ఇక్కడ పెద్దది కడితే వరంగల్ ఎందుకు పోవాలె వదినె? గది గూడ నిజం కాదా?"

"గది గూడ నిజమే."

రెండూ నిజమే. రెంటి నడుమ గోలెం ఉంది. గోలెంలో ముద్ద.

అతను దండ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. సక్రి వెంట వచ్చిన మేక ఆ దండ తిన్నది. దారం కూడా తిన్నది. ఎవరూ అదిలించలేదు.

మళ్ళీ పొయ్యి. మళ్ళీ చింతగింజలు. కొత్త బంకలో పాత ముద్ద, అంటించడానికి కొత్త పట్టీలు. లాలి వాకిట్లో నిలబడింది. సిగ్గుపడుతూ, వెనక్కి తిరిగి, వీపు చూపుతూ. గట్టమ్మ గడపలో నిలబడింది.

"పరాయి పొల్ల. మళ్ళ గదే తడి. జరమొస్తే సక్రికి ఏం జెప్తవ్?"

సక్రి మోపు మీద కూర్చుని తంబాకు నలుపుతోంది. "మా పొల్ల వాగుల పెరిగింది పటేలమ్మా. తడికి ఏంగాదు. అంటియ్యి."

కౌసల్య చెయ్యి దించిన కుండలో ఉంది.

పైకి రావడం లేదు.

పట్టీ వేళ్ళకు ఉంది. బంక వేళ్ళకు ఉంది. ఎదుట పిల్ల వీపు — తడి చీర ముక్క కింద తేలిన వెన్నెముక పూసలు, భుజం దగ్గర పాత గాటు, ఎండకు మెరిసే నూగు. చెయ్యి మాత్రం కుండలోనే. ఈగ ఒకటి తిరుగుతోంది. వెచ్చదనం సన్నగిల్లింది. బంక మీద మీగడ కట్టింది, చేతి చుట్టూ, మణికట్టు చుట్టూ, కడియంలాగా.

గట్టమ్మ అన్నది నిజమైతే?

కావచ్చు. కాకపోవచ్చు.

ఎవరూ చెప్పరు. ఎన్నడూ చెప్పరు. చెప్పేవాడి కోసం ఆగితే చెయ్యి ఇట్లాగే కుండలో ఉండిపోతుంది.

"బంక ఆరుతాంది పటేలమ్మా," లాలి తిరక్కుండానే అన్నది. "అంటిస్తవా, బట్ట తొడుక్కొని పోవాల్నా?"

బుచ్చి కిసుక్కుమన్నది.

చెయ్యి లేచింది.

మొదటి పట్టీ భుజం మీద. రెండోది దాని పక్కన. లాలి ఒళ్ళు జలదరించింది. కౌసల్య చెయ్యి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నాలుగు పట్టీలు వేసి, మోచేతి వెనక భాగంతో లాలి నుదురు తాకింది. చల్లగా ఉంది. మళ్ళీ నాలుగు. మళ్ళీ నుదురు. చల్లగానే ఉంది. చల్లదనాన్ని నమ్మలేదు. మళ్ళీ తాకింది.

ఎండలో నిలబెట్టలేదు. వేపచెట్టు పలచటి నీడలో నిలబెట్టింది. ఆలస్యంగా ఆరింది. ఆరనీ.

తెల్లారి సక్రి రాగానే అడిగింది — "ఎట్లున్నది?"

"ఏమున్నది? రొట్టె తిన్నది, తమ్మున్ని గుద్దింది."

ఆ మరునాడు అడిగింది. ఆ పై రోజూ అడిగింది. సక్రికి విసుగొచ్చింది. "నువ్వడుగవట్టి వస్తది గానీ జరం," అన్నది. కౌసల్య అడగడం మానలేదు.

జాజు పూశారు. ఈత ఈనెలు గుచ్చారు. గోనె గుడ్డ కుట్టారు.

* * *

జెర్రి నడిచింది.

కౌసల్య పోలేదు. అరుగు మీద కూర్చుంది. స్టేషన్ దిక్కునుంచి చప్పుడు వచ్చింది. ముందు నవ్వు — ఊరంతా ఒక్కసారి నవ్విన నవ్వు. తరవాత నినాదం. తరవాత మళ్ళీ నవ్వు. ఆ ఊరు అట్లా నవ్వి చాలా రోజులైంది. రఘునాథ్ గొంతు మైకులో వచ్చింది, బొంగురుగా. శశికళ పేరు వస్తుందని ఆమె వింటూ కూర్చుంది.

రాలేదు.

రానందుకు ఏమైనా అనిపిస్తుందేమో అని కూడా చూసుకుంది. రొమ్ములో ఎక్కడైనా. ఏమీ లేదు. అరుగు రాయి వెచ్చగా ఉంది. అంతే.

పొద్దు వాలాక పిల్లలు వచ్చారు. ముళ్ళు విప్పుకున్నారు. ఒకడి ఈనెలు విరిగాయి. చేట తలకాయ తలకిందులైంది. ఒక్కొక్కరూ కక్కుతున్నట్టు కథలు —

"పోలీసాయన నవ్విండు పెద్దమ్మా! టోపీ అడ్డం పెట్టుకొని నవ్విండు!"

"మలుపు కాడ బుచ్చి పడ్డది!"

"నేను పడలే. తోక అట్లనే ఊగుతది."

"నేనే పట్టిన దాన్ని," లాలి అన్నది. "నడుమ నేను లేకుంటె గుంజుకపోదువు."

అందరూ గణుపులు విప్పి అరుగు మీద పేర్చారు. లాలి విప్పలేదు.

"విప్పు పోరీ. కుట్లు ఊడుతయి."

"మా తాండల చూపియ్యాలె పటేలమ్మా. మా తాత చూడలేదు. రేపు తెస్త."

కౌసల్య చూసింది. లాలి రొమ్ము మీద ఎర్ర జాజు. ఆ జాజు కింద ముద్ద. ఆ ముద్దలో ఏది ఏదో ఇక తెలియదు. ఒక పిల్లదీ, ఇంకొక పిల్లదీ కలిపి పిసికింది తనే.

"రేపు తెస్తవా?"

"ఒట్టు."

"పో మరి."

లాలి వెళ్ళింది. తడక దాటి, వీధి చివర దాకా పోయి, పట్టాల కట్ట ఎక్కింది. జెర్రి నుంచి విడిపోయిన ఒక్క గణుపు, రెండు పక్కలా ఈనెలు టకటకమంటూ. పట్టాల మీద రైళ్ళు నడుస్తున్నాయిప్పుడు. ఆగి, అటూ ఇటూ చూసి, దాటింది. అవతల దున్నిన చేన్లు. ఇక్కడికి కనపడే ఎత్తు గట్టు మీద తాండా దారి.

కౌసల్య లేచి తడక దగ్గరికి వచ్చింది.

గాలి తిరిగింది.

ఇన్ని నెలలూ లేని గాలి. చల్లగా, పడమటి నుంచి. వేపాకులు ఒక్కసారి తెల్లబడ్డాయి. చేన్ల మీద ఆకాశం నల్లగా దిగింది, చూస్తుండగానే. లోపలినుంచి గట్టమ్మ గొంతు — "కౌసల్యా, వానే! అరుగు మీదియి లోపట వెయ్యి!"

మొదటి చినుకు వీధి దుమ్ములో పడింది. చుట్టూ చిన్న గుంట. ఇంకోటి ఆమె చేతి మీద. ఇంకోటి... లెక్క తప్పింది.

గట్టు మీద లాలి ఆగింది. ముఖం పైకెత్తి నిలబడింది. రెండు చేతులూ చాచింది.

బంక నీళ్ళతో వస్తుంది, నీళ్ళతో పోతుంది. తడి కాగితం, ఒంటికి అంటుకుని, ఈ గాలిలో, తాండా దాకా.

"లాలీ —"

వినపడిందో లేదో. వాన చప్పుడు పెద్దదైంది.

దండెం మీది గొంగడి ఎప్పుడు లాగిందో తెలియదు, కౌసల్య చేతిలో ఉంది. తడక తీసి ఉంది. గట్టు మీద ఎర్రటి చుక్క కదులుతోంది, కరుగుతోంది, వానలో సరిగ్గా కనపడటం లేదు. వెనక అరుగు మీద పిల్లల గణుపులు తడుస్తున్నాయి. గట్టమ్మ పిలుస్తూనే ఉంది.

ఒక కాలు గడప ఇవతల. ఒక కాలు బురదలో.

బురద ఇంకా వెచ్చగా ఉంది. మిద్దె మీద కాలింది దిగాక గానీ తెలియలేదు; ఈ వెచ్చదనం పాదానికి వెంటనే తెలిసింది.

ఉడుకు నేల మీద వాన. మట్టి పొగలు కక్కుతున్న వాసన...